ఎరుపు తప్పిన పిల్ల

రెడింగ్ ఊరవతల ఆదివారం సంతలో
డ్రైబెల్‌బిస్ ముసలాయన
చెప్పుల పెట్టెలోంచి కార్డులు తీసి
పేకముక్కల్లా బల్ల మీద పరుస్తాడు.
నూట నలభై ఏళ్ల కిందటి సబ్బులు, దారపు ఉండలు,
పొయ్యికి పూసే నల్లరంగు, దగ్గుమందు.
దుకాణాలవాళ్లు సరుకుతో పాటు ఊరికే ఇచ్చినవి,
పిల్లలు మైదా జిగురుతో పుస్తకాల్లో అంటించుకున్నవి.
బాగున్నవన్నీ అటు, ఒక్కోటీ పన్నెండు డాలర్లు.
"ఇదిగో నీ సరుకు" అంటూ
కుంటివీ వంకరవీ నా వైపు తోస్తాడు.

నేను తప్పులే కొంటాను.
ముప్పయ్యేళ్లు పళ్ల డాక్టరు దగ్గర
దవడల అచ్చులు పోసిన చేతులివి.
కుదిరిన పన్ను ఒక్కటీ గుర్తులేదు,
ఎత్తు పలికినవి మాత్రం
ఇప్పటికీ పేరు పెట్టి పిలవగలను.

ఈ పిల్లిని చూడండి.
పసుపు నూలుపోగంత పక్కకి జరిగి
తన ఒంట్లోంచి తనే
మెల్లిగా బయటికి నడిచిపోతోంది.
ఈ దొరసాని పెదవులు గడ్డం మీద పడ్డాయి,
మొగుడు ముద్దుకోసం వెతుక్కోవాలి.
గొడుగు పట్టిన ఈ చేతికి ఆరు వేళ్లు.
గీసినవాడికి కూలి ఎన్ని వేళ్లకిచ్చారో!
ఇందులో సోప్ కాస్తా సూప్ అయింది,
దాంతోనే మొహం కడుక్కుని
పాప తెగ మెరిసిపోతోంది.

రాతి మీద రాసేవాడి బతుకే అంత.
అన్నీ తిరగేసి రాయాలి,
కుడి ఎడమ, ఎడమ కుడి,
పక్కన అద్దం పెట్టుకుని.
పగలంతా వెనక్కి రాసి
సాయంత్రం ఇంటికి ముందుకి నడవాలి.
ఎవడో ఒకడు, ఆకలిమీదున్నాడో ఏమో,
ఒక్క అక్షరం మరిచిపోయి సరిగ్గా రాశాడు.
సరిగ్గా రాసింది గనకే
అది తప్పుగా అచ్చయింది.
ఆ కార్డుకి మాత్రం నేను బేరమాడలేదు.

రంగుకొక రాయి.
ఎనిమిది రాళ్ల కింద నలిగితే గాని
ఒక బుగ్గ పూయదు.

పెట్టె అడుగున ఉంది ఈ పిల్ల.
ఆకాశం నీలంగానే ఉంది, జుట్టు పసుపుగానే ఉంది,
ఎరుపు రాయి ఒక్కటీ ఈమె మీదుగా వెళ్లలేదు.
బుట్ట నిండా బూడిద గులాబీలు.
పెదవులు సున్నం.
నెత్తిన దారం కంపెనీ మాట, బంగారు అక్షరాల్లో:
ఎన్నటికీ తెగదు.

దగ్గరికి తెచ్చుకుని చూస్తే
కింది పెదవి మీద ఎర్ర పెన్సిలు గీత,
చీమ కాలంత.
ఎవరో మొదలుపెట్టారు.
ఆపేశారు.
వెనక, నల్ల కాగితం పెచ్చుల మధ్య,
కూడబలుక్కుని రాసిన పిల్లచేతి రాత:
లెటీ. మార్చి, ఎనభై ఆరు.

"బొమ్మ పేరేమో" అన్నాడు ముసలాయన.
కావచ్చు.
స్నేహితురాలి పేరూ కావచ్చు, మేకదీ కావచ్చు.
కానీ ఆ పెన్సిలు ఎందుకాగింది?
చలికాలం దాటలేని పిల్లలుండే ఇళ్లలో
చివరిసారి చూసిన మొహం ఏ రంగులో ఉంటుందో
కార్డులేసే కంపెనీకేం తెలుసు?
పోలిక కలిస్తే అచ్చు గుద్దినట్టుంది అంటాం.
ఇక్కడ అచ్చు గుద్దడం చెడిందే,
మరి పోలిక ఎలా కలిసింది?

"గీత పడింది కదా, అర డాలరివ్వు" అన్నాడు.
ఒక డాలరిచ్చాను. చిల్లర లేదన్నాడు.
అక్కర్లేదన్నాను.

చినుకులు మొదలయ్యాయి.
మంచివాటి మీద పట్టా కప్పబోతూ
ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.
"ఇదే కార్డు తప్పులేనిది కూడా ఉంది.
పక్కపక్కన పెట్టుకుంటే ముచ్చటగా ఉంటుంది."
పట్టా కిందనుంచి లాగి చూపించాడు.

గులాబీలు ఎర్రగా ఉన్నాయి.
బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.
ఆ పిల్లెవరో నాకు తెలియదు.